రెండో పిలుపుకు పలికేటోడు

పోయిన నెల తార్నాకల మా ఇంటి మెట్ల మీద నా కాలు జారింది. డెబ్బై దాటిన మనిషి తడి మెట్లు దిగేటప్పుడు కిందికి చూసుకోవాలె గద, నేను చూసుకోలే. ముప్పై ఏండ్లు బడిపిల్లలకు "కింద చూస్కోని ఉరుకున్రా" అని విజిల్ ఊదిన డ్రిల్ మాస్టర్ని నేను. నవ్వేటోళ్లు నవ్వుకోవచ్చు, మా ఇంట్ల అందరు నవ్విన్రు. కాలు వాచినంక మెయిన్ రోడ్డు మీద ఒక ఎక్స్‌రే సెంటర్‌కు తీస్కపోయిన్రు. ఏసీ గది, చల్లటి బల్ల. నన్ను బల్ల మీద పండబెట్టి, మావోళ్లను బయట కూసోబెట్టి, ఫోటో తీసిన పిల్ల డాక్టర్‌కు ఫోన్ చేసింది. "లెఫ్ట్ సైడ్ సర్. ఫిబులా" అన్నది. అవతల ఆయనకు వినబడలేదేమో, మల్ల గట్టిగ, "ఫిబులా" అన్నది.

"టిబియా!" అని నా నోట్లకెంచి వచ్చింది. నేను అనాలని అనలేదు. పైగా ఆ గొంతు నాది కాదు. నా గొంతు ఇప్పుడు ఎట్లుంటదో నాకెర్కనే, విజిళ్లకూ దగ్గుకూ అరిగిపోయి గరగర అంటది. వచ్చింది ఇరవై ఏండ్ల పిల్లగాని గొంతు. ఆ పిల్ల ఫోన్ చెవికి పెట్టుకున్నదల్లా దర్వాజ దిక్కు తిరిగి చూసింది, పర్దా ఎనుక చూసింది. "ఎవరు తాతా లోపలికొచ్చింది?" అన్నది. "ఎవ్వరు లేరు బిడ్డా" అన్న. ఆమె నమ్మలే. నేను మాత్రం గుర్తుపట్టిన, ఆ గొంతు నా దోస్తు యాదగిరిది. యాభై ఏండ్లు దాటింది ఆ గొంతు నేను విని.

అప్పుడు మేం లాలాపేట్‌ల ఉండేది. మా నాయిన రైల్వే వర్క్‌షాపుల ఫిట్టర్. నేను సైకిల్ మీద తార్నాక దాటి యూనివర్సిటీ క్యాంపస్‌కు పోయి వ్యాయామ విద్య చదివేటోన్ని, అంటె డ్రిల్ మాస్టర్ చదువన్నట్టు. పొద్దున ఆటలు, పదింటి సంది పాఠాలు. ఉరుకుమంటె ఉరికేటోళ్లం, గుంజుమంటె గుంజేటోళ్లం, కానీ అందులో ఒక పేపర్ ఉండె, మనిషి శరీరం మీద. అన్ని ఇంగ్లీషు పేర్లు. మేమా, సగంమంది ఉర్దూల చదివినోళ్లం, సగంమంది పల్లెబళ్లల తెలుగుల చదివినోళ్లం. ఆ పుస్తకం తెరిస్తె పెద్ద పెద్ద పహిల్వాన్ల లెక్క ఉన్న పోరగాండ్లకు కూడా చెమటలు పట్టేటియి. కబడ్డీల పదిమందిని గుంజుకపోయే ఒకాయన స్కాపులా, అంటె భుజం రెక్క ఎముక, ఆ మాటకాడ కండ్లనీళ్లు పెట్టుకున్నడు. నేను కండ్లార చూసిన.

ఆ పేపర్ చెప్పే సారు పేరు వెంకటరత్నం. గోదావరి దిక్కు మనిషి, తార్నాకల ఒక ఇంట్ల కిరాయికుండేటోరు. తెల్లటి పొట్టి చేతుల అంగీ, చెవి మీద సుద్దముక్క, టిఫిన్ డబ్బాల గోంగూర పచ్చడి. ఆయన లోపలికొస్తుంటె ముందు ఇంగువ వాసన వచ్చేది, తరువాత ఆయన వచ్చేటోరు. మా క్లాసు పెంకుల షెడ్డుల చివరి గది. ఒక మూలకు అద్దాల బీరువా, దాంట్ల నిలబెట్టిన మనిషి ఎముకలు. ఇప్పటోళ్లు ప్లాస్టిక్‌వి కొంటున్నరట, అది నిజం మనిషిది. బీరువాల పురుగులు పట్టకుండ ఏసే డాంబర్ గోళీల వాసన, వార్నిష్ వాసన, మా చెమట వాసన, అన్ని కలిసి ఆ గదికొక వాసన ఉండె. ఇప్పటికీ ఏ ఇంట్లనన్నా పాత బీరువా తెరిస్తె నేను రెండడుగులు ఎనుకకు జరుగుత. అటెండర్ ఖాజా మియా రోజూ పొద్దున బీరువా తెరిచేముందు చెయ్యెత్తి సలాం చేసేటోడు. "ఏంది చాచా, ఎముకలకు సలామా?" అని నవ్వితె, "ఎవరింటోడో బేటా, ఎవరో వీని కోసం ఎదురుచూసి ఉంటరు" అనేటోడు. ఆ బీరువాల మనిషికి ఎడమకాలి సన్నటి ఎముక ఒకటి లేకుండె. ఎన్నడు పోయిందో ఎవరికీ తెల్వదు. ఖాజా మియా ఎదురుబొంగు బద్దను చెక్కి, సన్నటి తీగతోని ఆ జాగల కట్టిండు. దూరంకెంచి చూస్తె తేడా కనబడకపోయేది.

మాతోని పేర్లు నోటికి పట్టించనీకె వెంకటరత్నం సారు పాఠాన్ని ఆట చేసిన్రు. "పుస్తకంతో కుస్తీ పట్టకండి నాయనా, మీరు ఆటగాళ్లు, ఆటతోనే పట్టండి" అనేటోరు. మొదటి ఆట హాజరు. రిజిస్టర్ల మా పేర్లుండె, కానీ ఆయన పేర్లు పిలిచేటోరు కాదు. ఒక్కొక్కరికి ఒక్కొక్క ఎముక పేరు. తలకాయ సంది కాలివేళ్ల దంక వరుసగ పిలుస్తరు. పిలిచినప్పుడు "ప్రెజెంట్ సర్" అనొద్దు. నీకు అతికి ఉన్న ఎముక పేరు చెప్పాలె. "ఫీమర్" అని తొడ ఎముకను పిలిస్తె "పటెల్లా" అని మోకాలి చిప్ప పేరు చెప్పాలె. చెప్పినోడు ఉన్నట్టు, చెప్పనోడు లేనట్టు. ఇంకొక సంగతి, ఆయన పిలిచేటప్పుడు మా దిక్కు చూసేటోరు కాదు. వీపు మాకు పెట్టి, బోర్డు మీద ఆ ఎముక బొమ్మ గీసుకుంట పిలిచేటోరు. "నా వీపుకు వినపడాలి. చూసి చెప్పడం గొప్ప కాదు, చెవిలోంచి లోపలికి పోవాలి" అని. హాజరు అయ్యేటాలకు బోర్డు మీద నిండు మనిషి నిలబడేటోడు.

నేను టిబియా. మోకాలి కింద రెండెముకలు ఉంటయి గద, లావుది టిబియా, సన్నది ఫిబులా. ఫిబులా ఎవరంటె యాదగిరి. జనగామ దిక్కు పల్లెటూరోడు, అడిక్‌మెట్‌ల ఒక చిన్న అర్రల ఉండి చదువుకునేటోడు. సన్నగ పొడుగ్గ ఉండె, అందుకే ఆ పేరు పెట్టిన్రు. మా ఇద్దరి జాగలు ఒక్క బెంచి మీదనే. సారు "టిబియా" అంటె నేను "ఫిబులా" అనేటోన్ని. ఆయన "ఫిబులా" అంటె యాదగిరి ఊకుండేటోడు. క్లాసంతా చూసేది. మల్ల రెండోసారి "ఫిబులా" అంటె అప్పుడు, "టిబియా!" అని గంట కొట్టినట్టు పలికేటోడు. రోజూ గింతే. "వీడికి మొదటి పిలుపు వీపులోకి, రెండోది చెవిలోకి పోతుంది" అని సారు నవ్వేటోరు. నేను బద్ధకం అనుకునేటోన్ని. మా ఇంటికొస్తె కూడా అదే తీరు. మా అమ్మ బొగ్గుల కుంపటి మీద రొట్టెలు కాలుస్త, "యాదగిరీ, రా బిడ్డా తిను" అంటె పలుకడు. రెండోసారి పిలిస్తె చెంగున లేచొస్తడు. "ఏందిరా నీకు మర్యాదలా, రెండుసార్లు బొట్టుపెట్టి పిలవాల్నా?" అని మా అమ్మ తిట్టేది, తిట్టుకుంటనే మూడు రొట్టెలు ఎక్కువేసేది.

రెండో ఆట పొద్దుమీకి గ్రౌండ్‌ల. ఖోఖో. ఎనిమిదిమంది వరుసగ కూసుంటరు, ఒకడు తరుముతడు. మామూలుగ వీపు తట్టి "ఖో" అంటరు. మాకు ఖో లేదు, కూసున్నోని ఎముక పేరు చెప్పి తట్టాలె. తప్పు చెప్తె ఔట్. ఆ ఆటల నేర్చుకున్న పేర్లు నా చావు దంక పోవు. ఉరుకుంట ఉరుకుంట అరిచిన మాట పండ్లల్లకు పోయి కూసుంటది. నాకు ఇంకొక విద్య ఉండె, నకలు. సారు గొంతు, ఖాజా మియా గొంతు, లాలాపేట్‌ల ఐస్‌గోలా అమ్మేటోని గొంతు, ఏదైనా దించేటోన్ని. యాదగిరి గొంతైతె మరీ సులువు. వాడు పక్కనుంటె నేను వాని గొంతుతోని మాట్లాడి వాన్నే పరేషాన్ చేసేటోన్ని. "నీకు నా గొంతు ఎందుకురా, నీది లేదా?" అనేటోడు.

గప్పుడే ఉద్యమం లేచింది. తెలంగాణ కోసం మొదటిసారి లేచిన లొల్లి అది, ఇప్పటి పిల్లలకు తాతల నాటి ముచ్చట. మా కొలువులు మాకు కావాలని మొదలై, మా రాష్ట్రం మాకు కావాలనే దంక పోయింది. క్యాంపస్ నిండ జెండాలు, నినాదాలు, కండ్లు మండే పొగ. తార్నాక చౌరస్తాల లారీలు నిలబడేటియి, జాలీ టోపీలు పెట్టుకున్న పోలీసోళ్లు దిగేటోళ్లు. పొద్దున వర్క్‌షాపు సైరన్ మోగితె మా నాయిన డబ్బా పట్టుకోని పోయేది రోజుటి లెక్క, కానీ మా అమ్మ దర్వాజల నిలబడి ఆయన గల్లీ తిరిగే దంక చూసేది. అంతకుముందెన్నడూ అట్ల నిలబడలే. కాలేజీలు ఒక్కొక్కటే మూతబడ్డయి. మాది మూయలే. మూయనీకె అది ఎవరికీ యాదికి రాలేదేమో. ఆ పెంకుల షెడ్డుల ఇరవైమందికి పదిమంది, పదిమందికి ఏడుగురం అయినం. సారు కోస్తా మనిషి, బయట పరిస్థితేమో అట్లున్నది, అయినా రోజూ వచ్చేటోరు. "భయం లేదా సార్?" అని ఒకసారి అడిగిన. "ఉందయ్యా, బోలెడంత ఉంది. ఇంట్లో కూర్చుంటే ఇంకా ఎక్కువవుతోంది" అన్నరు. బోర్డు మీది మనిషికి ఒకరోజు చేతులు లేకపోయేటియి, ఒకరోజు పక్కటెముకలు. పలుకనోని ఎముకను ఆయన గియ్యకుండ వదిలేసేటోరు.

ఒకరోజు పొద్దున యాదగిరి మా ఇంటికొచ్చి కాన్వాస్ బూట్లు నా చేతుల పెట్టిండు. "ఇవి తొడుక్కుంటె వ్యాయామం కాలేజోడని గుర్తుపడ్తరు. దాచి పెట్టు. మూడు దినాలు నా హాజరు చూస్కోరా మల్లేశా. హాజరు తక్కువైతె పరీక్షకు కూసోనియ్యరు. మా నాయిన మంచంల ఉన్నడు, నేను ఈ ఏడు పాస్ కావాలె" అన్నడు. "ఏడికి?" అంటె, "పోరగాండ్లందరు పోతున్నరు, నేను కూడ పోయి వస్త" అన్నడు. చెప్పులేసుకోని, మా అమ్మ ఇచ్చిన రొట్టె చేతుల పట్టుకోని పోయిండు. ఆనాడు పట్నంల ఎన్నో ఊరేగింపులు. ఏ ఊరేగింపుల కలిసిండో, ఏ గల్లీల పడ్డడో, ఎవరు ఎత్తుకపోయిన్రో ఇప్పటికీ నాకు తెల్వదు. ఆ పొద్దు సంది వాన్ని చూసినోడు నాకు దొరకలే. దవాఖానలల్ల చూసిన, జైలుకాడ పేర్లు అడిగిన, అడిక్‌మెట్‌ల అర్ర తాళం అట్లనే ఉండె.

ఆనాడు క్లాసుల సారు వీపు తిప్పి పిలిచిన్రు. "టిబియా." నేను నా గొంతుతోని "ఫిబులా" అన్న. "ఫిబులా." వెంటనే యాదగిరి గొంతుతోని, "టిబియా!" అన్న. సుద్దముక్క ఒక్క గడియ బోర్డు మీద ఆగింది. మల్ల గీసింది. ఫిబులా బొమ్మ వచ్చింది. పక్కోళ్లు కిసుక్కున నవ్విన్రు.

మూడు దినాలు ఎనిమిదయినయి. నవ్వుడు బందైంది. అట్ల పలుకుడు ఆపితె వాడు లేడని చెప్పినట్టే. పైగా రాని పిల్లల పేర్లు రాసుకపోనీకె పోలీస్ స్టేషన్ కెంచి మనుషులొస్తున్నరని అందరు గుసగుసలు. పేరు ఆ కాయితం మీదికెక్కితె వాడు ఇంటికి రానీకె కూడ ఉండది గద. అందుకని నేను పలుకుతనే ఉన్న. రోజు రోజుకు గొంతు ఇంకా మంచిగ వచ్చేది. చెప్తె నమ్మరు, కొన్నిసార్లు పలికినంక నేనే పక్కకు తిరిగి చూసేటోన్ని. పక్కన ఖాళీ బెంచి. వాని జాగల చెక్క మీద వాని చెయ్యి చెమట మరక అట్లనే ఉండె. సాయంత్రం ఖోఖోకు మనుషులు సరిపోకపోతె, నేను దాచిపెట్టిన వాని కాన్వాస్ బూట్లు తెచ్చి వరుసల వాని జాగల పెట్టిన. నేను తరుముకుంట పోయి ఆ బూట్ల కాడ వంగి, "ఫిబులా" అన్న. ఏం లేదు, బూట్ల లేసులు గాలికి కదిలినయి. కానీ ఆట అట్లనే ఆగిపోయింది. బూట్లు తీసి సంచిల పెట్టుకోని ఎవరింటికి వాళ్లం పోయినం. మల్ల ఆ కోర్సుల మేం ఖోఖో ఆడలే.

కర్ఫ్యూ జర సడలించిన ఒకరోజు, క్లాసయిపోయినంక ఖాజా మియా నన్ను వరండాలకు పిలిచి గుడ్డ మూట ఒకటి చేతుల పెట్టిండు. "యాదగిరి వాళ్ల అమ్మ వచ్చింది బేటా. కూరగాయల లారీల వచ్చిందట. గీడనే, కిటికీ కింద నిలబడ్డది. లోపలికి రా అమ్మా అంటె హాజరు కానియ్యి అన్నది. ఫిబులా అని సారు పిలిచిండు, లోపల్నుంచి నువ్వు పలికినవు. ఆమె చెవి గోడకు పెట్టి ఇన్నది. లారీ పోతదని గంతే ఎల్లిపోయింది. లోపల పలికిన పిల్లగానికి ఇయ్యి అని ఇది ఇచ్చింది" అన్నడు. కన్నతల్లి కొడుకు కోసం అంత దూరంకెంచి వస్తె, నేను దొంగ గొంతు వినిపించి పంపించిన. సైకిల్ కూడ తియ్యలే, తార్నాక చౌరస్తా దంక ఉరికిన. మేమెట్లయినా ఉరకనీకె నేర్చినోళ్లమే. లారీ కదులుతున్నది. ఎనుక ఖాళీ గంపల నడుమ నేతచీర, మొకం అటు దిక్కు. కేకెయ్యాలని నోరు తెరిచిన. ఏ గొంతుతోని కేకెయ్యాలె? నా గొంతైతె ఆమెకు తెల్వదు. వాని గొంతైతె ఎట్ల? నోరు తెరిచి అట్లనే నిలబడ్డ. లారీ పోయింది. మూటల జొన్నరొట్టెలు, పల్లికారం, ఒక కొత్త తువ్వాల. ఇంటికి పోతె మా అమ్మ అడిగింది, చెప్పిన. మా అమ్మ నన్ను కొట్టలే, తిట్టలే. రొట్టె తుంచి నా నోట్ల పెట్టి, తను అవతలికి తిరిగి ఏడ్చింది.

తెల్లారి నేను ఒకటే అనుకున్న, ఇగ పలుకను. ఏమన్నగాని. సారు వచ్చిన్రు, వీపు తిప్పిన్రు. ఆరుగురం ఉన్నం. తలకాయ, దవడ, వెన్ను ఒకటొకటే బోర్డు మీదికొచ్చినయి. "టిబియా." "ఫిబులా" అన్న, నా గొంతుతోని. "ఫిబులా" అన్నరు సారు. నేను పండ్లు కరిచిపట్టి, చెయ్యి అడ్డం పెట్టుకున్న. సుద్ద ఆగింది. నేను పలికిన అన్ని దినాలల్ల లేనిది, ఆనాడు సారు రెండోసారి పిలిచిన్రు, మెల్లగ. "ఫిబులా."

"టిబియా!"

గంట కొట్టినట్టు. నా పక్కకెంచి. నా చెయ్యి నా నోటి మీదనే ఉన్నది, నేను ఏ దేవుని మీదనైనా ఒట్టేస్త. అయిదుగురూ నన్నే చూసిన్రు. నా మొకం చూసినంక ఇగ చూడలే. సారు చేతిలకెంచి సుద్ద కింద పడింది. ఆయన మా దిక్కు తిరిగిన్రు, హాజరు నడుమ ఆయన తిరుగుడు అదే మొదటిసారి. బెంచి మీద నా పక్కన ఉన్న ఖాళీ జాగను చాన సేపు చూసిన్రు. తరువాత కింద పడ్డ సుద్ద తీసి, ఫిబులా గీసి, రిజిస్టర్ మూసి, "ఇవాళ్టికి చాలు, జాగ్రత్తగా ఇళ్లకు వెళ్లండి నాయనా" అన్నరు. మరునాడు మా షెడ్డుకు కూడ తాళం పడ్డది. చదువు ఏడాది ఎనుకబడ్డది. తాళం తీసినంక సారు మల్ల రాలే, తమ ఊరికి బదిలీ చేయించుకున్నరన్నరు. ఆ రిజిస్టర్ల మాత్రం యాదగిరి ప్రతిరోజు హాజరు. తరువాత ఎంతోమంది తిరిగి జాబితాలు రాసిన్రు, ఉద్యమంల పోయినోళ్ల పేర్లు. వాని పేరు ఎవరూ రాయలే. క్లాసుల కూసున్నోడు రోడ్డు మీద ఎట్ల చచ్చిపోతడు? అది చేసింది నేనే.

వాళ్ల ఊరికి పోనీకె నాకు నాలుగేండ్లు పట్టింది. ఏదో పెద్దపని అడ్డం పడి కాదు, భయం. నౌకరీ వచ్చినంక, ఆ తువ్వాల సంచిల పెట్టుకోని బస్సెక్కిన. పట్టపగలు పన్నెండయితున్నది. లచ్చవ్వ, వాళ్ల అమ్మ, పెంకుటింటి అరుగు మీద కూసోని చింతపండుల గింజలు తీస్తున్నది. వాకిట్ల బర్రె. నోరు తెరుద్దామంటె ఏ గొంతొస్తదోనని భయపడ్డ. "అవ్వా, నేను యాదగిరి దోస్తుని, పట్నంకెంచి" అన్న. నా గొంతే వచ్చింది. ఆమె తలెత్తి చూసింది. "క్లాసుల పలికింది నువ్వే గద" అన్నది.

నేను అరుగు మీద కూలబడ్డ. "నీకు ఎర్కనా?" అన్న.

"ఎందుకెర్కలేదు బిడ్డా. గొంతు అచ్చం వానిదే పట్టినవు. కానీ సారు ఒక్కసారి పిలువంగనే పలికినవు. మావోడు పలుకడు. చిన్నప్పుడే చెప్పి పెట్టిన, ఒక్కసారి పిలిచి ఊకుండేది మనిషి కాదురా, మనిషైతె మల్ల పిలుస్తది, రెండోసారికే పలుకాలె అని. గడపల నిలబడి నేను పిలిచినా పలుకడు, మల్ల పిలవాలె." ఆమె చెయ్యి ఆగలే, గింజలు ఒక్కొక్కటే ముంతల పడ్తున్నయి. నా చేతుల తువ్వాల అట్లనే ఉండిపోయింది. సారు సుద్ద మొదటిరోజు ఎందుకాగిందో నాకు అప్పుడు తెలిసింది. ఆయనకు కూడ ఎర్కనే. ఎర్క ఉండి కూడ రోజూ బొమ్మ గీసిన్రు.

"మరి లోపలికి ఎందుకు రాలేదవ్వా?"

"వస్తె లేడని తెలుస్తది గద. బయటనే ఉంటె ఉన్నట్టు. ఇంటికాడ వాళ్ల నాయిన పాణం మీద ఉన్నడు. కొడుకు ఎట్లున్నడే అని అదొక్కటే అడుగుడు. గొంతు ఇన్న, క్లాసుల ఉన్నడు అని చెప్పిన. అబద్ధం కాదు గద, గొంతైతె ఇన్న. ఆయన నిమ్మలంగ పోయిండు." అప్పుడు ఆమె చింతపండు పక్కకు పెట్టి, "రొట్టెలు తిన్నవా? నీకే ఇచ్చిపోయిన" అన్నది. నాకు దుఃఖం ఆగలే. గడ్డం వచ్చిన మనిషిని, అరుగు మీద కూసోని పిల్లగాని లెక్క ఏడ్చిన. ఆమె ఏడ్వలే, ఎదురుచూసుకుంట కూసున్నది.

ఏడ్చుడు అయినంక, మనసుల దాచుకోనీకె ఇంకేం మిగలలే. ఆమె వచ్చిపోయిన మరునాటి సంగతి చెప్పిన. నేను పలుకకుండ నోరు మూసుకున్న సంగతి, సారు మల్ల పిలిచిన సంగతి, పలికిన సంగతి. లచ్చవ్వ నా దగ్గరికి జరిగింది.

"రెండోసారికా?" అన్నది.

"రెండోసారికే అవ్వా."

"మొదటిసారికి పలుకలేదా?"

"పలుకలే."

"మరి వాడే" అన్నది. అంతే అన్నది. మొకం అంతా నవ్వు, దాంట్లకెంచి కండ్లనీళ్లు. "ఎట్ల పలికిండు బిడ్డా? నీకు వాని గొంతొస్తది గద, జర పలికి చూపియ్యి" అన్నది. లేచి గడపకాడికి పోయి నిలబడి, "యాదగిరీ" అని పిలిచింది. నేను ఆగిన. "యాదగిరీ" అని మల్ల పిలిచింది. నేను నోరు తెరిచిన. గొంతు రాలే. ఎంత గుంజినా నా గొంతే వచ్చింది, అది కూడ సగం. వారం పది దినాలు రోజూ నా నోట్ల ఆడిన గొంతు, ఆ నిమిషం లేదు. తరువాత ఎన్నడూ రాలే. ఇంట్ల ఒక్కన్నే ఉన్నప్పుడు ప్రయత్నం చేసిన. ఇంకెవరి గొంతైనా వచ్చేది, వానిది రాకపోయేది. లచ్చవ్వ నన్నేమనలే. "పోనియ్యి, వానిది వాడు తీస్కపోయిండు" అని, అన్నం పెట్టి, తువ్వాల మల్ల నా భుజం మీదనే ఏసి పంపించింది. ఆమె పోయి కూడ ఇప్పటికి చాన ఏండ్లాయె.

ఇప్పుడు తార్నాకల తల మీదికెంచి మెట్రో పోతది. రాష్ట్రం వచ్చింది. రెండోసారి ఉద్యమం లేచినప్పుడు అదే క్యాంపస్‌ల అదే పొగ చూసి, చదివే పిల్లలను చూసి నేను రోడ్డు మీద నిలబడి భయపడ్డ, ఎవరికీ చెప్పలే. రాష్ట్రం వచ్చిన రోజు పటాకులు కాలుస్తుంటె నేనూ కాల్చిన, సంబురమే నాకు. మొన్నటిదంక రోజూ పొద్దున క్యాంపస్‌ల నడిచేటోన్ని. మా పెంకుల షెడ్డు లేదు, ఆ జాగల సైకిళ్ల స్టాండ్ ఉన్నది. బీరువాలోని మనిషి ఎటు పోయిండో, ఎదురుబద్ద ఇంకా కాలికే ఉన్నదో లేదో. ఎముకల పేర్లు ఇప్పటి పిల్లలు ఫోన్ల ఆట ఆడుకుంట నేర్చుకుంటున్నరట, మా మనుమరాలు చూపించింది. వేలు పెడితె ఎముక వెలుగుతది. పిలిచేటోడు లేడు, పలికేటోడు లేడు. మంచిదే. దాంట్ల ఎవరూ ఖాళీ బెంచి దిక్కు చూడాల్సిన పని ఉండది.

కాలికి పిండికట్టు కట్టిన్రు. సన్నటి ఎముకనే, బరువు పడేది కాదు, తొందరగ అతుకుతది అన్నడు డాక్టర్. నేను మంచంల పండుకోని ఒక్కటే యాది చేసుకుంటున్న. ఆ ఎక్స్‌రే గదిల ఆ పిల్ల "ఫిబులా" అన్నప్పుడు నా నోరు కదలలే. రెండోసారి అన్నప్పుడే ఆ గొంతు వచ్చింది. లచ్చవ్వ ఉంటె బస్సెక్కి పోయి చెప్పేటోన్ని. కానీ అది కాదు నన్ను తినేది. "ఎవరు తాతా లోపలికొచ్చింది?" అని ఆ పిల్ల అడిగింది గద. "ఎవ్వరు లేరు బిడ్డా" అన్న. అన్ని దినాలు వాడు ఉన్నడని పలికినోన్ని, ఇన్నేండ్లకు వాడే వచ్చి పలికితె, లేడని నా నోటితోనే చెప్పిన. వచ్చే వారం కట్టు విప్పేముందు మల్ల ఫోటో తియ్యాలట. ఆ పిల్లే ఉంటది. మల్ల అడిగితె, ఈసారి ఉన్నడని చెప్త.